సారు మీద కోపం, సర్కారు మీద హక్కు

ప్రశ్న: మాది అనంతపురం వైపు పల్లె. మా ఊరి ఎంపీపీ స్కూల్లో ఒకటి నుంచి ఐదు వరకు 72 మంది పిల్లలు. ఉన్నదే ఇద్దరు టీచర్లు. అందులో మేడంను సర్దుబాటు అని వేరే బడికి పంపేశారు. ఇప్పుడు సారు ఒక్కరే, అన్ని క్లాసులూ ఒకే గదిలో. బాత్రూంకు ఎప్పుడూ తాళమే, నీళ్లు లేవంటారు. వంటామె రాలేదని కొన్ని రోజులు మధ్యాహ్నం అన్నం పెట్టరు. లెక్క తప్పు చేసిందని మా పాప చెవి కమిలేలా మెలేశారు. మా బాబుకు ఎనిమిదేళ్లు. మేం బెంగళూరు పనికి పోయినప్పుడు అక్కడ ఒకటో తరగతి చదివాడు, ఆ తర్వాత ఏడాదికి పైగా బడి లేదు. టీసీ తెస్తేనే చేర్చుకుంటామంటున్నారు. గట్టిగా అడిగితే ఆ కోపం పిల్లల మీద చూపిస్తారేమోనని భయం. సారు మీద కేసు పెట్టొచ్చా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఐదు ఫిర్యాదులున్నాయి. ఐదింటికీ ఒక్క మనిషినే ముద్దాయిని చేశారు. చట్టప్రకారం చూస్తే సారు జవాబు చెప్పాల్సినవి అందులో రెండే: పాపను కొట్టడం, బాబును చేర్చుకోకపోవడం. మిగతా మూడింటికీ జవాబుదారులు వేరే ఉన్నారు. వాళ్లెవరూ మీ ఊరి బడి గేటు దగ్గర కనబడరు కాబట్టి తిట్లన్నీ రోజూ కనబడే సారుకే పడుతుంటాయి. తప్పుడు మనిషి మీద రాసిన ఫిర్యాదుకు గతి ఏమిటో నాకు తెలుసు. ‘ఇది నా పరిధిలోది కాదు’ అని సంజాయిషీ వస్తుంది, ఫైలు మూస్తారు, టీచరు మాత్రం రాడు.

ఎవరి బాధ్యత ఏమిటో 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం విడివిడిగా రాసిపెట్టింది. సెక్షన్ 8 ప్రభుత్వానికి, 9 స్థానిక సంస్థకు, 24 టీచర్లకు, 10 తల్లిదండ్రులకు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు రాజ్యాంగంలోని 21ఎ అధికరణం ఇచ్చిన ప్రాథమిక హక్కు. దాని పునాదుల్లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే ఉంది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 1993. అసలు గొడవ ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల మీద మొదలైంది. తేలింది మాత్రం ఊరి బడి పిల్లల హక్కు! 2002లో 86వ సవరణతో అది రాజ్యాంగంలోకెక్కింది. కాబట్టి మీరు రాసే కాగితంలో ‘దయతలచి’ అనే మాట అక్కర్లేదు.

ముందు టీచర్ల సంగతి, ఎందుకంటే మీ బడిలో పెద్ద నష్టం అక్కడే జరుగుతోంది. ఈ చట్టానికి చివర ఒక షెడ్యూలు ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. టీచరుకొక తరగతి గది ఉండాలని కూడా అందులోనే ఉంది. మీ 72 మందికి ముగ్గురు రావాలి. సర్దుబాటు కంటే ముందే ఒకరు తక్కువ, ఇప్పుడు ఇద్దరు తక్కువ. ఈ నిష్పత్తిని ప్రతి బడిలోనూ పాటించే బాధ్యతను సెక్షన్ 25 ప్రభుత్వం మీద పెట్టింది. జిల్లా మొత్తం సగటు తీసి ‘మా దగ్గర టీచర్లు సరిపడా ఉన్నారు’ అంటే కుదరదు. ఆ నిష్పత్తి నిలబడేందుకే ఒక బడిలో వేసిన టీచరును ఇంకో బడికో, ఆఫీసుకో పంపకూడదని అదే సెక్షన్ రెండో భాగం చెబుతోంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు... ఈ మూడు పనులకే మినహాయింపు. రాష్ట్రంలో బడుల లెక్కలు జీవోలతో మారుతుంటాయి. 2022లో 117వ జీవో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు తరలించినప్పుడు ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు, 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. జీవో ఏం చెప్పినా షెడ్యూలు కంటే కిందికి దిగడానికి వీల్లేదు.

అంటే మేడంను పంపినందుకు సారును నిలదీయడం దండగ. ఒక్కడే ఐదు తరగతులు లాగుతున్న ఆయనకు మీకంటే ఎక్కువ బాధ ఉండొచ్చు. ఆయన సర్వీసులో ఉన్నవాడు కాబట్టి పై అధికారికి గట్టిగా రాయలేడు. మీరు రాయగలరు. ఇలా రాయండి:

‘మా గ్రామ మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో 72 మంది విద్యార్థులు ఉన్నారు. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు ప్రకారం ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. ప్రస్తుతం ఒక్కరే పనిచేస్తున్నారు. సెక్షన్ 25(2)కు విరుద్ధమైన సర్దుబాటు ఉత్తర్వును రద్దు చేసి, మూడో ఉపాధ్యాయుడిని కూడా నియమించాలని సెక్షన్ 32 కింద ఈ ఫిర్యాదు ఇస్తున్నాము.’

అంతే చాలు. పాత పగలు, పుకార్లు, ‘మా పిల్లల భవిష్యత్తు అంధకారం’ లాంటి మాటలు వద్దు. సెక్షన్ 32 పేరు మాత్రం మరవొద్దు. ఆ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఫిర్యాదు అందితే స్థానిక సంస్థ ఇరుపక్షాల మాట విని మూడు నెలల్లో తేల్చాలి. ఎంపీపీ బడికి స్థానిక సంస్థ అంటే మండల పరిషత్తు కాబట్టి ఒక కాపీ ఎంపీడీవోకు, ఒకటి ఎంఈవోకు ఇవ్వండి. మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడం కూడా మంచిదే. కాకపోతే అక్కడి అర్జీ కూడా తిరిగి ఎంఈవో టేబుల్ మీదికే వస్తుంది. మూడు నెలల గడువుకు ఆధారం మీ స్టాంపు కాపీయే. మండల పరిషత్తు నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు.

ఇక బాత్రూం తాళం. బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీళ్లు, ప్రహరీ, వంటగది కూడా షెడ్యూలులోనివే. మరుగుదొడ్లు లేని బడి ఉండకూడదని, ఆరు నెలల్లో కట్టించమని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కట్టడం వరకు చాలాచోట్ల అయింది. ఇప్పుడున్న రోగం మీరు రాసిందే: గది ఉంటుంది, తాళం ఉంటుంది, నీళ్లుండవు. నీళ్లు రాని మరుగుదొడ్డి చట్టం దృష్టిలో ఉన్నట్టు కాదని నా అభిప్రాయం. ఎంపీడీవోకిచ్చే కాగితంలో దీన్నీ కలపండి.

అయితే దీనికి ఊళ్లోనే ఒక దారి ఉంది. దాన్ని తల్లిదండ్రులు వాడుకోవడం లేదు. సెక్షన్ 21 ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు. చైర్మన్ తల్లిదండ్రుల్లోంచే వస్తారు, హెడ్‌మాస్టర్ కన్వీనర్ మాత్రమే. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం వీళ్ల పని. జరిగేదేమిటి? కమిటీ సభ్యురాలికి కబురొస్తుంది, పొలం నుంచి చేతులు కడుక్కుని వస్తుంది. ‘ఇక్కడో సంతకం పెట్టమ్మా’ అంటూ తీర్మానాల పుస్తకం ముందుకు తోస్తారు. పేజీ పైసగం ఖాళీ. కింద మాత్రం సంతకాలకు ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు వేసి ఉంటాయి. ఆ ఖాళీలో తర్వాత ఏం రాస్తారో దానికి ఆమే బాధ్యురాలు. చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగండి. రాత పూర్తి కాని పేజీ మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి.

ఆ పుస్తకంలో వెతకాల్సిన డబ్బు చెబుతాను. సమగ్ర శిక్ష మార్గదర్శకాల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల దాకా కాంపోజిట్ గ్రాంటు ఇవ్వొచ్చు. అందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికి పెట్టాలి. ఇది కాక, 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద తల్లుల ఖాతాల్లో 13,000 పడ్డాయి. 15,000లో మిగిలిన 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకని ప్రభుత్వమే చెప్పింది. ఆ లెక్కన మీ బాత్రూంకు మీరు ముందే డబ్బు కట్టినట్టు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చు పెట్టారు, బోరు మోటారు ఎందుకు బాగుచేయలేదు అని కమిటీలో అడగండి. అసలు డబ్బే రాలేదని సారు చెబితే నమ్మశక్యం కాని మాటేం కాదు. గ్రాంట్లు ఆలస్యం కావడం మామూలే. అప్పుడు ‘డబ్బు విడుదల చేయాలి’ అని కమిటీ తీర్మానం చేసి పైకి పంపాలి. ఆ కాగితం మీద సారు సంతకం, మీ సంతకం పక్కపక్కనే ఉంటాయి.

నోటిమాటతో లెక్కలు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. తెల్లకార్డు వాళ్లకు ఎక్కడా లేదు. మేడం సర్దుబాటు ఉత్తర్వు నకలు, మంజూరైన పోస్టులెన్ని, గ్రాంటు ఖర్చు వివరాలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

భోజనం గురించి ఒక మాట. 2013 ఆహార భద్రత చట్టం కింద బడి జరిగే ప్రతి రోజూ పిల్లలకు అన్నం పెట్టి తీరాలి. బియ్యం లేకనో, గ్యాసు లేకనో, వంటామె రాకనో పెట్టలేకపోతే ఆ రోజుకు బియ్యం, వంట ఖర్చు లెక్కగట్టి ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని 2015 నిబంధనలు చెబుతున్నాయి. వరసగా మూడు రోజులో, నెలలో ఐదు రోజులో ఆగితే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలి. కాబట్టి ఆగిన తేదీలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ‘కొన్ని రోజులు’ అంటే ఎవరూ పట్టించుకోరు. పథకానికి అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నాక వంటామె రాలేదనడం సాకుగా కూడా పనికిరాదు. అయితే ఆమె ఎందుకు రాలేదో కూడా అడగండి. నెలకు 3,000 గౌరవవేతనం, సరుకుల బిల్లులు ఆలస్యమైతే అప్పు ఆమె నెత్తిన. ఇక్కడా కోపం పొయ్యి దగ్గర మనిషి మీద తీర్చుకోవడం తేలిక.

పాపను కొట్టిన విషయంలో మాత్రం సారుకు నా సానుభూతి లేదు. ఐదు తరగతుల భారం చెవి మెలేయడానికి సమాధానం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే జీవో ఇచ్చి బళ్లలో కొట్టడాన్ని నిషేధించారు. ఆ తర్వాత వచ్చిన విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ‘మొద్దు’, ‘మీ కులం ఇంతే’ లాంటి మాటలూ వేధింపే. తప్పు చేసిన టీచరు మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. కమిలిన చెవి ఫొటో తీసి, ప్రభుత్వాసుపత్రిలో చూపించి చీటీ తీసుకుని ఎంఈవోకు విడిగా ఫిర్యాదు రాయండి. టీచర్ల కొరత కాగితంలో దీన్ని కలపొద్దు. కలిపితే ‘సారు మీద కక్షతో రాశారు’ అని రెండూ నీరుగారుస్తారు. గాయం పెద్దదైతే పోలీసు కేసు కూడా అవుతుంది. మీరు అడిగిన ‘కేసు’ ఇదొక్క చోటే. మొదటిసారి, చిన్న గాయమైతే రాతపూర్వక ఫిర్యాదుతో ఆగడమే మంచిదని నేనంటాను. లైంగిక వేధింపు అనుమానం ఎక్కడైనా వస్తే మాత్రం కమిటీ, పెద్దమనుషులు, రాజీ ఏవీ వద్దు. నేరుగా పోలీసులకు గానీ 1098కి గానీ చెప్పండి. తెలిసీ చెప్పని హెడ్‌మాస్టర్ పోక్సో చట్టం కింద తానే నేరస్తుడవుతాడు.

పిల్లల మీద కోపం చూపిస్తారనే భయం నిజమైనదే. అందుకే ఒంటరిగా సంతకం పెట్టకండి. పది మంది తల్లులు పెడితే ఎవరి పిల్ల మీదని చూపిస్తాడు? పైగా మీ మొదటి కాగితం సారుకు టీచర్లనిచ్చేది, ఆయన్నుంచి తీసుకునేది కాదు. దాన్ని ఆయనకు చూపించే ఇవ్వండి.

మూడు నెలలు దాటినా కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఖర్చుకు జంకకండి. న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. దగ్గరి కోర్టులోని మండల న్యాయసేవా కమిటీలో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

బాబు విషయం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే అర్జంటు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని సెక్షన్ 5లో ఉంది. పుట్టిన తేదీ పత్రం లేదని ఆపకూడదని సెక్షన్ 14, చదువుల ఏడాది మొదలై నెలలైందని ఆపకూడదని సెక్షన్ 15. ఆధార్ లేదని పిల్లల్ని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో చెప్పింది. బెంగళూరు బడికి టీసీ కోసం ఉత్తరం రాయడం జరగాలి గానీ, అది బాబు తరగతిలో కూర్చున్నాక జరగొచ్చు. టీసీ వెంటనే ఇవ్వని హెడ్‌మాస్టర్ మీద క్రమశిక్షణ చర్య ఉంటుంది. మళ్లీ ఒకటిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి. ఎనిమిదేళ్లవాడు సెక్షన్ 4 కింద తన వయసుకు తగిన తరగతిలో, అంటే మూడులో చేరాలి. తప్పిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వడం బడి పని. రేపు వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి చేరిక దరఖాస్తు ఇచ్చి రసీదు అడగండి. కాదంటే ‘టీసీ లేనందున చేర్చుకోలేము’ అని రాసి సంతకం పెట్టమనండి. సంతకం పెట్టే హెడ్‌మాస్టర్‌ను నేనింతవరకు చూడలేదు.