సందేహాలు – సమాధానాలు: ఇంట్లో బాడీ బటర్

చలి మొదలైతే పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు నుంచి చర్మం పగుళ్ల మీదే ఎక్కువ ఉత్తరాలు వస్తాయి. ఈసారి చాలామంది ఇంట్లో చేసుకునే బాడీ బటర్ గురించి అడిగారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

కార్తీకం దాటితే చాలు, మోకాళ్ల కింద చర్మం తెల్లగా పొరలు లేస్తుంది. టెంకాయ నూనె రాస్తే చీరకు అంటుకుంటోంది. కొన్న లోషన్ గంటకే ఆరిపోతోంది. బాడీ బటర్ వీటికంటే మేలా?
– గృహిణి, పుంగనూరు

మీ ప్రాంతం సముద్రమట్టానికి 700 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. చలిగాలి పొడిగా వీచే రోజుల్లో చర్మంలోని నీరు తొందరగా ఆవిరైపోతుంది. లోషన్‌లో ఎక్కువ భాగం నీరే. అందుకే రాసిన కాసేపటికి ఏమీ మిగలదు. బాడీ బటర్‌లో నీటి చుక్క ఉండదు, అంతా కొవ్వే. గది వేడికి గట్టిగా ఉండే కొవ్వు నూనెకంటే మందంగా పరుచుకుని, చర్మంలోని నీటిని బయటికి పోనివ్వదు.

అయితే అది నీటిని ఆపుతుందే కానీ కొత్తగా ఇవ్వదు. పొడి కాళ్లకు రాస్తే సగం ప్రయోజనం పోయినట్టే. స్నానమయ్యాక తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద కాస్త తడి ఉండగానే రాయండి. పిక్కకు అర చెంచా చాలు. పొగలు కక్కే నీళ్లతో స్నానం, సబ్బుతో గట్టిగా రుద్దడం మానకపోతే మాత్రం ఏ బటర్ రాసినా ఫలితం ఉండదు.

కొలతలతో తయారీ చెప్పండి. మిక్సీ తప్ప వేరే పరికరాలు లేవు.
– డిగ్రీ విద్యార్థిని, మదనపల్లె

మిక్సీ వేడెక్కి బటర్‌ను కరిగించేస్తుంది, అది వద్దు. మజ్జిగ చిలికే కవ్వం చాలు. చేతి బీటర్ ఉంటే పని తొందరగా అవుతుంది. కొలతలు మాత్రం గిన్నెలతో కాక, గ్రాముల త్రాసుతో తూచండి.

200 గ్రాములకు చలికాలపు కొలత: షియా బటర్ 110, కోకం బటర్ 20, నువ్వుల నూనె లేదా పొద్దుతిరుగుడు నూనె 70 గ్రాములు. ఎండాకాలానికి షియా 110, కోకం 50, నూనె 40 గ్రాములు. ఈ తేడా ఎందుకంటే, షియా 30 డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది. పడమటి కనుమల్లో కాసే కోకం గింజల కొవ్వు మాత్రం 38 నుంచి 42 డిగ్రీల దాకా గట్టిగా నిలుస్తుంది. వేసవిలో వంటగది 35 దాటే మన ఊళ్లలో కోకం కాస్త ఎక్కువ వేస్తేనే డబ్బాలో బటర్ బటర్‌లా ఉంటుంది.

పెద్ద గిన్నెలో నీళ్లు కాగనిచ్చి, అందులో పొడి స్టీలు గిన్నె పెట్టండి. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకండి. ముందు కోకం కరిగించండి. పొయ్యి కట్టేసి ఆ వేడికే షియా కరగనివ్వండి. చివర నూనె పోసి కలపండి. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి, అంచులు గడ్డకట్టి, వేలితో నొక్కితే గుర్తు పడేదాకా ఉంచండి. బయటికి తీసి తెల్లగా, తేలిగ్గా పొంగేవరకు చిలకండి. తడి లేని గాజు సీసాలోకి ఎత్తుకోండి. వాసన కోసం ఏదైనా సుగంధ తైలం కావాలంటే మొత్తం బరువులో నూటికి ఒక పాలు మించకూడదు. 200 గ్రాములకు 2 గ్రాములే ఎక్కువ.

మొదటి వారం నున్నగా ఉన్న బటర్ ఇప్పుడు చేతికి రవ్వలా తగులుతోంది. చెడిపోయిందా?
– ఉపాధ్యాయిని, పలమనేరు

చెడలేదు. షియాలో రకరకాల కొవ్వులు కలిసి ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో వేడి దగ్గర గడ్డకడుతుంది. నెమ్మదిగా చల్లారితే తొందరగా గడ్డకట్టేవి ముందే విడిపోయి పలుకులు కడతాయి. మధ్యాహ్నం ఎండకు కరిగి, రాత్రి చలికి మళ్లీ పేరుకున్నా ఇదే జరుగుతుంది. మళ్లీ పూర్తిగా కరిగించి, ఈసారి ఫ్రిజ్‌లో తొందరగా చల్లబరిచి చిలకండి. అంత ఓపిక లేకపోతే అలాగే వాడుకోండి, ఒంటి వేడికి పలుకులు కరిగిపోతాయి.

చలవ చేస్తుందని పెరట్లోని కలబంద గుజ్జు, కాస్త పన్నీరు కలిపాను. విటమిన్ ఇ మాత్రలు కూడా పిండాను. ఇరవై రోజులకు నల్లటి చుక్కలొచ్చాయి. పైపొర తీసేసి వాడుకోవచ్చా?
– గృహిణి, కుప్పం

వాడకండి, మొత్తం పారేయండి. బూజు పైన కనిపించేటప్పటికే లోపలికీ పాకి ఉంటుంది. కొవ్వు ఒక్కటే ఉన్నంతకాలం బూజుకు, బ్యాక్టీరియాకు పెరిగే వీలు లేదు, వాటికి నీరు కావాలి. కలబంద గుజ్జు దాదాపు అంతా నీరే. పన్నీరు కూడా అంతే.

విటమిన్ ఇ గురించి చాలామంది పొరబడుతున్నారు. అది నూనె కనరెక్కకుండా కొంతకాలం ఆపుతుంది, బూజును ఆపదు. నీరు కలిపి చేయాలంటే నీటినీ నూనెనూ కలిపి ఉంచే పదార్థం ఒకటి, సూక్ష్మజీవుల్ని ఆపే పదార్థం ఒకటి సరైన పాళ్లలో వేయాలి. ఇంటి వంటగదిలో ఆ జోలికి పోకపోవడమే మేలు. కలబంద కావాలంటే తాజాగా కోసి ముందు రాసుకుని, ఆ తడి మీద బటర్ రాయండి. సీసాలో తడిచేయి పెట్టకండి, పొడి చెంచాతో తీసుకోండి. ఇలా చూసుకుంటే మూడు నెలలకు తక్కువ కాకుండా నిలుస్తుంది. కనరు వాసన వస్తే మాత్రం పారేయాల్సిందే.

మా చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర మామిడి టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటితో మ్యాంగో బటర్ ఇంట్లో తీయొచ్చా?
– రైతు, బంగారుపాళ్యం

ఇంట్లో కుదరదు. బటర్ వచ్చేది టెంక లోపలి జీడి నుంచి. ఎండిన జీడిలో కొవ్వు నూటికి సుమారు 7 నుంచి 12 పాళ్లే. చెనక్కాయ గింజలో అది సగం దాకా ఉంటుంది కాబట్టి గానుగకు లొంగుతుంది. జీడి లొంగదు. అందుకే ఫ్యాక్టరీల్లో ద్రావకంతో తీసి, శుద్ధి చేస్తారు. పైగా తడి టెంకలు గుట్టగా పడి ఉంటే రెండు మూడు రోజుల్లో బూజు పడతాయి.

సరుకు మాత్రం విలువైనదే. చాక్లెట్‌లో కోకో బటర్‌తోపాటు కొద్ది పాళ్లలో వాడుకోవచ్చని యూరోపియన్ యూనియన్ 2000లో అనుమతించిన కొవ్వులు ఆరే. వాటిలో మామిడి జీడి, కోకం, సాల గింజల కొవ్వులు మూడూ మన దేశంలో దొరికేవే. తోతాపురి గుజ్జుకు పేరున్న చిత్తూరు ప్రాంతంలో జీడిని వేరుచేసి ఎండబెట్టే పని రైతు సంఘాలు ఆలోచించదగ్గదే. మీ వాడకానికి మాత్రం శుద్ధి చేసిన మ్యాంగో బటర్ కొని, పై కొలతలో షియా బదులు వేసుకోండి. అది షియాకంటే జిడ్డు తక్కువ.

ఇంట్లో పుంగనూరు ఆవు ఉంది. ఆ నెయ్యితో బాడీ బటర్ చేస్తే ఇంకా మంచిదంటున్నారు. నిజమా?
– పశుపోషకుడు, పుంగనూరు

నెయ్యిని ఒంటికి రాసే పద్ధతి ఆయుర్వేదంలో పాతదే. రాగి పాత్రలో నెయ్యి వేసి, నీళ్లతో నూరుసార్లు కడిగితే తెల్లటి క్రీములా మారుతుంది. దానిని శతధౌత ఘృతం అంటారు. పొడి చర్మానికి హాయిగానే ఉంటుంది. కాకపోతే కడిగిన నెయ్యిలో కొంత నీరు ఉండిపోతుంది. కొద్దిగా చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, వారం పది రోజుల్లో వాడేయండి.

పుంగనూరు ఆవు పాలలో వెన్న శాతం ఎక్కువని పేరు, నిజమే. అంటే ఆ పాల నుంచి నెయ్యి ఎక్కువ వస్తుంది. చర్మం మీద అది వేరే ఆవు నెయ్యికంటే గొప్పగా పనిచేస్తుందని మాత్రం అనలేం. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో జాగ్రత్తగా కాపాడుకుంటున్న జాతి ఇది. పాలు రోజుకు మూడు నాలుగు లీటర్లు ఇస్తే గొప్ప. ఆ నెయ్యి పిల్లల కంచంలోకి వెళ్లడమే సరైన దారి.

మా అత్తగారు దురదకు కానుగ నూనె మంచిదంటారు. బటర్‌లో కలిపి ఆరు నెలల పాపకు రాయొచ్చా? కొంచెం కర్పూరం కూడా వేయమంటున్నారు.
– కుప్పం

రెండూ వద్దు. కానుగ నూనెను పెద్దవాళ్లు పైపూతగా వాడటం మన వైపు ఉన్నదే. దానికి ఘాటు వాసన ఉంటుంది, పసి చర్మాన్ని మండించవచ్చు. కర్పూరం ఇంకా ప్రమాదం. చంటిపిల్లల ఒంట్లోకి చర్మం ద్వారా దిగినా ఫిట్స్ రావచ్చు. సుగంధ తైలాలు కూడా వాడకండి. శుభ్రమైన టెంకాయ నూనె ఒక్కటే చాలు. పాపకు ఎర్రటి దద్దుర్లు, రసి ఉంటే గానుగ చెనక్కాయ నూనె రాయకండి, ఆ చర్మం నుంచి చెనక్కాయ అలర్జీ మొదలయ్యే వీలుంది. దురద తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

బటర్ ముఖానికి, ఎండకు పనికొస్తుందా?
– మదనపల్లె

మొటిమలు వచ్చే ముఖానికి వద్దు. ఎండ నుంచి కాపాడుతుందన్నది అపోహ. పొలానికో, బండి మీదో వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ వేరుగా రాయాల్సిందే. నిమ్మ తైలం కలిపిన బటర్ రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలు కూడా రావచ్చు.

మా పొదుపు సంఘం తరఫున చేసి సంతలో అమ్మాలనుకుంటున్నాం. లైసెన్స్ కావాలా?
– స్వయం సహాయక సంఘం సభ్యురాలు, మదనపల్లె

ఇంట్లో వాడుకోవడానికి అక్కర్లేదు. అమ్మాలంటే తప్పనిసరి, చిన్న మొత్తమైనా సరే. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీ లైసెన్స్‌ను రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ ఇస్తుంది. తయారీ గది, అర్హత ఉన్న నిపుణుడు, పరీక్షల ఏర్పాటు చూస్తారు. లేబుల్ మీద పదార్థాలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, చిరునామా, లైసెన్స్ నంబరు ఉండాలి. ‘తామర పోతుంది’, ‘మొటిమలు మాయం’ అని రాయకండి. అలా రాస్తే అది మందు కిందికి వస్తుంది. ఆ నిబంధనలు వేరు. సొంతంగా యూనిట్ పెట్టలేకపోతే, లైసెన్స్ ఉన్న తయారీదారు చేత చేయించి మీ పేరుతో అమ్ముకునే దారి ఉంది.

చివరగా అందరికీ ఒక మాట. మొదటిసారి 50 గ్రాములకు మించి చేయకండి. మోచేతి లోపల కాస్త రాసి ఒక రోజంతా చూసి, దురద లేకపోతేనే ఒంటికి వాడండి. షుగర్ ఉన్నవాళ్ల మడమలు చీలితే, పగుళ్లలో రక్తమో చీమో కనిపిస్తే బటర్ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరును కలవండి.