టాక్స్ క్రెడిట్ ఉపకార వేతనాలు - ఒక పరిశీలన

ఉపకార వేతనమనగానే మన విద్యార్థులకు దరఖాస్తు ఫారము, ఆదాయ ధ్రువపత్రము, ప్రభుత్వ కార్యాలయము స్ఫురించుట సహజము. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇందుకు భిన్నమైన పద్ధతి ఒకటి సుమారు మూడు దశాబ్దాలుగా నడుస్తున్నది. అక్కడ సొమ్ము ఖజానా నుండి రాదు. ఖజానాకు చేరకముందే దారి మళ్ళుతుంది. అది పేద కుటుంబానికి ఏ మేరకు అక్కరకు వస్తున్నదో పరిశీలించుటయే మా ఉద్దేశము.

ముందుగా ఒక భేదాన్ని గ్రహించాలి. మన దేశపు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షను, అర్హమైన సంస్థలకిచ్చిన విరాళాన్ని పూర్తిగానో సగమో దాత ఆదాయంలో నుండి తగ్గించింది. నూటికి ఇరవై చొప్పున పన్ను కట్టేవాడు వెయ్యి రూపాయలిస్తే, విరాళమంతా తగ్గించినా అతనికి కలిసివచ్చేది రెండువందలే. టాక్స్ క్రెడిట్ అట్లా కాదు. అది ఆదాయంలో కాక, కట్టవలసిన పన్నులోనే తగ్గుతుంది. 500 డాలర్లిచ్చినవానికి పన్ను 500 డాలర్లు తగ్గితే, అతని జేబునుండి పోయినదేమున్నది? దీనిని దానమనుటకు మాకు మనసొప్పదు. ఆ సొమ్ము ఎటు పోవాలో చెప్పగల అవకాశమే అతనికి దక్కినది.

ఈ పద్ధతికి 1997లో అరిజోనా రాష్ట్రం నాంది పలికింది. అక్కడ విరాళాన్ని నేరుగా పిల్లవానికి ఇవ్వరాదు; మధ్యవర్తి సంస్థకివ్వాలి. ఆ సంస్థ వచ్చినదానిలో కనీసం నూటికి 90 వంతులు ఉపకార వేతనాలకు వినియోగించాలి. దాత తన బిడ్డకే ఇమ్మని కోరరాదు. నీ బిడ్డకు నేనిస్తాను, నా బిడ్డకు నీవిమ్మని ఇద్దరు తండ్రులు ఒప్పందం చేసుకొనుట కూడ నిషిద్ధము. నిషేధం అవసరమైనదంటేనే ఆ ఉపాయం తోచినవారు లేకపోలేదని ఊహించవచ్చును! 2001లో ఫ్లోరిడా రాష్ట్రం కంపెనీల పన్నుకు ఈ పద్ధతిని వర్తింపజేసి, మొదట అల్పాదాయ కుటుంబాలకే పరిమితం చేసింది. 2023లో ఆదాయ పరిమితిని తొలగించింది.

కుటుంబం వైపునుండి చూద్దాము. ప్రైవేటు పాఠశాల గుమ్మమెక్కలేని ఇంటి పిల్లలకు ఈ వేతనం ఆ తలుపు తెరిచిన మాట నిజము. అయితే వేతనానికీ అసలు ఫీజుకూ నడుమ మిగిలిన అంతరాన్ని తల్లిదండ్రులే భరించాలి. కొంచెమున్నవారికి ఆ అంతరం చిన్నది, ఏమీ లేనివారికి అదే కొండ. రెండవ కష్టం అంతకన్న పెద్దది. విరాళాలు తగ్గినా, చట్టం మారినా బిడ్డ చదువు మధ్యలో ఆగవలసివస్తుంది. ఇల్లినాయిస్ రాష్ట్రం 2017లో ప్రవేశపెట్టిన పథకం 2023 చివర ముగిసిపోయింది. ఆ వేతనంపై ఆధారపడిన కుటుంబాలు ఫీజుకు వేరే దారి వెతుక్కోవాలి, లేదా బడి మార్చుకోవాలి.

ఇది ప్రభుత్వ ధనమా, ప్రజల సొంత ధనమా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2011లో అరిజోనా వ్యాజ్యంలో అయిదుగురు న్యాయమూర్తులు, ఖజానాకు చేరని సొమ్ము ప్రభుత్వ వ్యయం కాదనీ, కనుక పన్ను చెల్లింపుదారులుగా దావా వేసే హక్కు లేదనీ తీర్పు చెప్పారు. నలుగురు విభేదించారు, నగదు ఇచ్చినా పన్ను వదలినా ప్రభుత్వం చేసేది ఒక్కటేనని న్యాయమూర్తి ఎలీనా కేగన్ వాదించారు. మాకు ఈ అల్పసంఖ్యాక పక్షమే సబబుగా తోచుచున్నది. మతసంస్థలు నడిపే పాఠశాలలను, కేవలం ఆ కారణంగా ఇట్టి పథకాలనుండి తప్పించరాదని 2020లో మొంటానా వ్యాజ్యంలో అదే కోర్టు తీర్పునిచ్చింది.

2025 జూలై 4న ఆమోదముద్ర పొందిన కేంద్ర చట్టం ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేసింది. 2027 నుండి వ్యక్తులు 1,700 డాలర్ల వరకు ఇచ్చి, అంత పన్నూ తగ్గించుకోవచ్చును. కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి మూడు రెట్లు మించరాదు. పథకంలో చేరుట, చేరకుండుట మాత్రం రాష్ట్రాల ఇష్టము. చేరని రాష్ట్రంలోని దాత పొరుగు రాష్ట్రపు సంస్థకిచ్చి తన పన్ను తగ్గించుకోగలడు. అతని ఊరి పేద బిడ్డకు మాత్రం ఆ వేతనం రాదు.