పిల్లిపెసర: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పెరటి దడి మీద ఓ తీగ దానంతటదే మొలిచి అల్లుకుంది. ఆకు చూస్తే పెసరలాగే ఉంది. పసుపు పువ్వులు, సన్నటి కాయలు. మా అత్తగారు పిల్లిపెసర అంటున్నారు, మా ఆయనేమో అడవి పెసర అంటున్నారు. ఇంతకీ పీకెయ్యనా, ఉంచనా?
– ఓ పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఓ ఆకు తెంపి అరచేతిలో పరిచి చూడండమ్మా. కాడకి మూడేసి రెబ్బలు రెంటికీ ఉంటాయి కాబట్టి దాన్నిబట్టి తేలదు. రెబ్బ అంచు చూడాలి. పిల్లిపెసరలో ఒక్కో రెబ్బా మళ్ళీ మూడు పాయలుగా లోతుగా చీలుతుంది, నడిమి పాయ చెంచా ఆకారంలో ఉంటుంది. అడవి పెసరకి అంత లోతు చీలిక ఉండదు. దాని కాండమూ కాయా నూగుతో చేతికి గరుగ్గా తగులుతాయి. నడక కూడా వేరే. పిల్లిపెసర ఎక్కువగా నేల మీదే పాకుతుంది, ఆసరా దొరికితే కాస్త పైకి పోతుంది. అడవి పెసర దొరికిన పుల్లకల్లా చుట్టుకుని ఎక్కేస్తుంది. మీ తీగ దడి కొసదాకా మెలికలు తిరిగి పోయి ఉంటే, ఈసారికి అత్తగారు ఓడిపోయినట్టే.

అడవి పెసర అయితే, మనం వండుకునే పెసరకి అది పూర్వీకురాలు. వానకి మొలుస్తుంది, పూస్తుంది, కాస్తుంది, ఎండిపోతుంది. ఎండిన కాయ మెలితిరిగి టప్పున పగిలి గింజల్ని దూరంగా విసురుతుంది. ఆ గింజల పొట్టు గట్టిది కాబట్టి అన్నీ ఒక్క వానకే మొలవవు. ఒకసారి పీకినంత మాత్రాన పోదని అర్థం. డబ్బాలో పోసిన పెసల్ని పిండి చేసే పుచ్చు పురుగుని తట్టుకునే గుణం, మడగాస్కర్ నుంచి తెచ్చిన ఓ అడవి పెసరలో దొరికింది. టీసీ 1966 అనే ఆ రకాన్ని సాగు పెసరతో సంకరం చేసి, ఆ గుణాన్ని పంటలోకి తెచ్చే పని శాస్త్రవేత్తలు చేశారు. కనుక బీర, పొట్ల పాదుల మీదకి పోకుండా చూసుకుని, దడి మీద ఉంటే ఉండనివ్వండి.

ప్రశ్న: దాళ్వా కోశాక కాలువలు కట్టేస్తారు, ఊడ్పుల దాకా చేను ఖాళీ. పచ్చిరొట్టకి జీలుగ చల్లమంటున్నారు. పిల్లిపెసర మంచిదని మా నాన్నగారి మాట. రెండు గేదెలున్నాయి. ఏది చల్లమంటారు?
– ఓ రైతు, యలమంచిలి మండలం

జవాబు: మీ ప్రశ్నలో అసలు మాట ఆ రెండు గేదెలండి. చేను బలం ఒక్కటే కావాలంటే నేను జీలుగే చెబుతాను. మనిషెత్తు పెరుగుతుంది, చౌడుకీ నిలవనీటికీ జీలుగే ఓర్చుకుంటుంది, రొట్టా ఎక్కువే వస్తుంది. నరసాపురం వైపు ఉప్పు తగిలే చేలల్లో పిల్లిపెసరతో కుస్తీ పట్టడం దండగ. మొలక దశలో నీళ్ళు నిలిస్తే అది కుళ్ళిపోతుంది కూడా.

పశువున్న ఇంటికి మాత్రం లెక్క మారుతుంది. జీలుగ ముదిరితే పుల్ల. పిల్లిపెసర లేత కాడని పశువు ఇష్టంగా మేస్తుంది, మేశాక మళ్ళీ చిగురేస్తుంది. వేసవిలో ఎండుగడ్డి తప్ప మరేం దొరకని రోజుల్లో ఆ పచ్చిమేత విలువ పాలు పితికేవాళ్ళకి తెలుసు. మేపుకోగా మిగిలిందాన్ని దమ్ములో కలిపి తొక్కించండి. వేళ్ళ బుడిపెలు ఎలాగూ నేలకే దక్కుతాయి. ఓ మొక్కని మట్టితో సహా తవ్వి, బుడిపెని గోరుతో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజని పట్టే పని జరుగుతున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే ఆ పని సాగడం లేదు.

మీ నాన్నగారి రోజుల్లో, దాళ్వా లేని చోట, సార్వా కోతకి రెండు మూడు రోజుల ముందు పదును మీదే చల్లేవారు. కొడవలి కోతకి అది చెల్లింది. ఇప్పుడు కోత మిషను చక్రాల కింద మొలకలు నలిగిపోతాయి, వెనక వదిలిన గడ్డి మిగతావాటిని కప్పేస్తుంది. మిషను కోతైతే గడ్డి ఎత్తించి, తడి ఆరకముందే చల్లుకోండి. దాళ్వా తర్వాతైనా ఇదే పద్ధతి.

ఒక్క జాగ్రత్త. ఆకలి మీదున్న గేదెని నేరుగా పచ్చటి చేలోకి వదలకండి, కడుపు ఉబ్బిపోతుంది. ముందు ఎండుగడ్డి వేసి, తర్వాత కాసేపే మేపండి. కోసి వేస్తే గడ్డితో కలిపి వేయండి.

ప్రశ్న: పిల్లిపెసర గింజలు మనం తినొచ్చా? కేసరి పప్పూ ఇదీ ఒకటేనా?
– ఓ పాఠకుడు, నరసాపురం

జవాబు: ఒకటి కాదు. కేసరి పప్పు వేరే జాతి. దాన్నే రోజూ తింటే కాళ్ళు చచ్చుబడే జబ్బు వస్తుందని 1961లో అమ్మకం నిషేధించారు. పిల్లిపెసర గింజని కరువు రోజుల్లో పేదలు ఉడికించుకు తిన్నారు. కానీ గింజ మరీ చిన్నది, ఏరి చెరిగేసరికి ఓపిక అయిపోతుంది. పప్పు కోసం పెసరే వేసుకోండి.

ప్రశ్న: ఆయుర్వేదంలో ముద్గపర్ణి అంటే పిల్లిపెసరేనట. కషాయం కాచుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: సాధారణంగా వైద్యులు ముద్గపర్ణిగా గుర్తించేది దీన్నే. చరకుడి జీవనీయ గణంలోని పది మూలికల్లో అదొకటి. కానీ దడి మీది తీగ తెచ్చి మీకు మీరే కాచుకు తాగమని నేను చెప్పను. వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: మా పిల్లిపెసర మీద పసుపు దారాల్లాంటి తీగ పరుచుకుంటోంది. ఆకు లేదు, వేరు కనపడదు. ఏం చేయాలి?
– ఓ రైతు, ఆచంట

జవాబు: అది బంగారు తీగండి. మన డెల్టా మినుముకీ పెసరకీ ఉన్న శని. మొలిచిన కొద్ది రోజులకే నేలతో సంబంధం తెంచుకుని, మొక్క కాండంలోకి పీకలు దింపి రసం తాగుతుంది. తీగని మాత్రం లాగితే తెగిన ముక్క మళ్ళీ అల్లుకుంటుంది. అందుకే అది పట్టిన పిల్లిపెసరతో సహా, చుట్టూ ఓ మూర మేర కోసి, పూత రాకముందే చేను బయట కాల్చేయండి. గట్టు మీద పారేయొద్దు. గింజ పడితే ఏళ్ళ తరబడి నేలలో బతికే ఉంటుంది. వరిని మాత్రం అది పట్టదు, సార్వాకి భయం లేదు. ఆ మడిలో కాసిన గింజల్ని విత్తనానికి ఉంచకండి, పక్కవాళ్ళు అడిగినా ఇవ్వకండి.