కాంగ్రెస్ గడ్డి: తెల్ల పువ్వు రాకముందే పీకేద్దాం

ఈ వారం పాఠం తోటలోని కలుపు గురించి.

మన పక్క కాంగ్రెస్ గడ్డి అంటాము. ఆంధ్రలో వయ్యారిభామ అంటారు. పుస్తకాల్లో పార్థీనియం అని రాస్తారు. మూడూ ఒకటే. పేరుకే గడ్డి, నిజానికి ఇది చామంతి కుటుంబం మొక్క. అమెరికా ఖండం నుంచి వచ్చి 1950లలో పూణేలో కనబడింది, ఇప్పుడు దేశమంతా ఉంది. బతికేది కొన్ని నెలలే. కానీ బాగా పెరిగిన ఒక్క మొక్క 15,000 విత్తనాల దాకా రాలుస్తుంది.

*గుర్తుపట్టేది ఎలా?*
లేత మొక్క ఆకులు నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటాయి. ఆకు క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది. తర్వాత కాండం నిలువుగా లేస్తుంది, దాని మీద పొడుగు గీతలు, సన్నని నూగు ఉంటాయి. చివర్లో జొన్నగింజంత తెల్ల పువ్వులు గుత్తులుగా వస్తాయి. చామంతి నారు అనుకుని వదిలేయొద్దు. చామంతి ఆకు దళసరిగా ఉంటుంది, నలిపితే చామంతి వాసనే వస్తుంది.

*ఎప్పుడు పీకాలి?*
మల్బరీ కత్తిరించగానే నేలకు ఎండ తగులుతుంది, మనం నీళ్ళు కడతాము. ఆ అదనులోనే ఇది మొలుస్తుంది. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది. మన ఆకు కోతకు సుమారు 60 రోజులు పడుతుంది. అంటే "ఆకు కోశాక చూద్దాంలే" అనుకుంటే అప్పటికే విత్తనం నేలలో పడి ఉంటుంది. కత్తిరించిన 15–20 రోజులకు ఒకసారి, 35 రోజుల లోపల ఇంకోసారి కలుపు తీయండి. గట్లు, కాలువ అంచులు, పురుగుల ఇంటి చుట్టూ కూడా వదలొద్దు. విత్తనం తోటలోకి వచ్చేది అక్కడినుంచే.

*ఎలా పీకాలి?*
నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకండి. కొడవలితో కోస్తే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. దీనివల్ల దురద, దద్దుర్లు వస్తాయి, పుప్పొడితో తుమ్ములు, ఆయాసం కూడా. కలుపు తీసేది ఎక్కువగా మన ఇంటి ఆడవాళ్ళు, కూలివాళ్ళు కాబట్టి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా ఇవ్వండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే పురుగుల ఇంట్లోకి పోవాలి.

పూయని మొక్కను కంపోస్టు గుంతలో వేయొచ్చు. పూసినదాన్ని వేయొద్దు. ఎరువుతోపాటు విత్తనం మళ్ళీ తోటకే వస్తుంది. పూసినవాటిని సంచిలో వేసి తీసుకెళ్ళి, తోటకు దూరంగా లోతుగా పూడ్చేయండి.

*కలుపు మందు కొట్టొచ్చా?*
తోటలో వద్దు. 2,4-డి వెడల్పు ఆకు మొక్కల్ని చంపే మందు. మల్బరీ కూడా వెడల్పు ఆకు మొక్కే. గాలికి జల్లు పడినా ఆకు ముడుచుకుపోతుంది. మందు పడిన ఆకు పురుగుకు పెట్టకూడదు. నాలుగో జ్వరం దాటిన పంటకు ఆకు లేకపోతే మన కష్టమంతా పోయినట్టే. పక్క చేనులో రాగికి ఈ మందు కొట్టేటట్టుంటే, గాలి ఎటు తోలుతోందో చూసి కొట్టమని ముందుగానే మాట్లాడుకోండి. ఉప్పునీళ్ళు కొట్టమని కొందరు చెప్తారు. అది బీడు నేలకు సరే, తోటలో కొడితే మన్ను చవుడు అవుతుంది.

*ఈ పురుగును చంపొద్దు*
వానాకాలంలో ఈ మొక్క మీద లేత పసుపు రంగులో, గోధుమ చారలతో చిన్న పెంకుపురుగు కనబడుతుంది. 1984లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చి వదిలినది అదే. కాంగ్రెస్ గడ్డి ఆకు తిని మనకు మేలు చేస్తుంది.

ఈ ఆదివారం తోట, గట్లు ఒకసారి చుట్టి రండి. పూసిన మొక్కలు ఎన్ని కనబడ్డాయో గ్రూపులో రాయండి.