నది అవతలి హబ్షీలు

చిరంజీవి అమ్మలుకు తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ప్రాజెక్టుకు ‘ఆఫ్రికా రాజ్యాలు’ వచ్చిందనీ, గద్వాలలో కూర్చుని ఆఫ్రికా గురించి ఏం రాస్తామనీ మొరపెట్టుకున్నావు. నెట్‌లో దొరికిన రాజుల పేర్లన్నీ వరసగా దించేస్తే మార్కులు పడతాయేమో గానీ చరిత్ర రాదు. నువ్వు రెండు నదుల నడుమ నడిగడ్డ పిల్లవి. మన నదుల దగ్గర మొదలుపెట్టు, ఆఫ్రికా దానంతటదే వస్తుంది.

అలంపురంలో జోగులాంబకు దండం పెట్టుకుని తుంగభద్ర దాటితే కర్నూలు. 17వ శతాబ్దం నడుమ ఆ ఊరు బిజాపూరు ఆదిల్‌షాహీల కింద ఉండేది. అక్కడి పాలకుడు మలిక్ అబ్దుల్ వహాబ్ పోయాక, అతని బానిస సిద్ది జౌహర్ అనే హబ్షీ, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాడు, యజమాని కొడుకును కాపలాలో పెట్టి అధికారం తన చేతిలోకి తీసుకున్నాడు. సుల్తాను లెక్కలో అది తిరుగుబాటే. అయితే అప్పటికి శివాజీ బిజాపూరుకు కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నాడు. తన పదవిని ఒప్పుకుంటే శివాజీ మీదికి తానే పోతానని జౌహర్ బేరం పెట్టాడు. రెండో అలీ ఆదిల్‌షా సరేనని, సలాబత్ ఖాన్ అని బిరుదిచ్చి పంపాడు. 1660లో జౌహర్ నెలల తరబడి శివాజీ ఉన్న పన్హాళా కోటను ముట్టడించి కూర్చున్నాడు. జూలైలో, ముసురు వానల్లో, శివాజీ రాత్రికి రాత్రి తప్పించుకుని విశాలగఢ్ దారి పట్టాడు. వెనకాల అతని మనిషి బాజీ ప్రభు కనుమలో నిలబడి ప్రాణాలొడ్డిన కథ నువ్వు వినే ఉంటావు. అవతలి పక్క సేనాని మన పక్క ఊరు కర్నూలు నుంచి వెళ్లిన ఆఫ్రికావాడని మాత్రం ఆ కథ చెప్పేవాళ్లు ఆగి చెప్పరు.

అతని అల్లుడు సిద్ది మసూద్ ఇంకా పైకి పోయాడు. ఆదోని అతని స్థావరం. 1678 నుంచి 1683 దాకా, పిల్లవాడైన సికందర్ ఆదిల్‌షా పేరు మీద బిజాపూరును నడిపింది అతనే. దర్బారు ముఠాలతో వేగలేక చివరికి ఆదోనికి వచ్చేశాడు. అక్కడ అతను కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఉంది, సెలవుల్లో పోయి చూడు. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ఆదోనిని చుట్టుముట్టాడు. ఫిరంగులు మసీదు మీదికి తిప్పేసరికి, దాన్ని కాపాడుకోవడానికి మసూద్ కోట అప్పగించాడని చెప్పుకుంటారు. నీ ప్రాజెక్టులో ఇది రాసేటప్పుడు ఆ ‘చెప్పుకుంటారు’ అన్న మాట మింగేయకు. ఆదోని పడిపోయిందన్నది రికార్డు, ఎందుకు పడిపోయిందన్నది జనం మాట. ఇంకో సంగతి: ఆ ఫిరోజ్ జంగ్ కొడుకే హైదరాబాదు మొదటి నిజాం. తర్వాతి కాలంలో మన గద్వాల, వనపర్తి సంస్థానాలు కప్పం కట్టింది ఆ వంశానికే.

బానిస కోటకు దొర ఎట్లా అయ్యాడు తాతా అని అడుగుతావు. అమెరికా పత్తి తోటల బానిసత్వాన్ని మనసులో పెట్టుకుని చదివితే ఇది అర్థం కాదు. దక్కను సుల్తానులకు కావలసింది కూలీలు కాదు, సిపాయిలు. ఇక్కడ అన్నదమ్ములు, బంధుబలగం లేనివాడైతే యజమానినే అంటిపెట్టుకుని ఉంటాడని వాళ్ల లెక్క. అందుకే కొన్న పిల్లలకు గుర్రపు స్వారీ, కత్తి, ఒక్కోసారి లెక్కాడొక్కా కూడా నేర్పించారు. యజమాని పోతేనో విడిచిపెడితేనో వాడు తన గుంపు తాను కట్టుకున్నాడు. దర్బారులో ఇరాన్ వైపు నుంచి వచ్చిన అమీర్లు ఒక జట్టు, దక్కనీలూ హబ్షీలూ ఇంకో జట్టు. ఇదంతా చదివి సుల్తానుల దయ అనుకునేవు. తల్లి ఒడిలోంచి లాక్కొచ్చి అమ్మిన పిల్లలు వాళ్లు. కోటలు ఏలింది పిడికెడు మంది, మిగతావాళ్ల పేర్లు కూడా మనకు మిగల్లేదు.

పేరు మిగిలినవాళ్లలో పెద్ద మలిక్ అంబర్. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు, చిన్నప్పటి పేరు చాపూ. అతను పుట్టడానికి కొద్ది ఏళ్ల ముందు అక్కడ ఏం జరిగిందో చూడు. 1529లో హరార్ వైపు నుంచి ఇమామ్ అహ్మద్ దండెత్తి, ఇథియోపియా రాజు లెబ్నా దెంగెల్‌ను ఓడించాడు. 1543లో ఇమామ్ చనిపోయేదాకా ఆ దేశం తగలబడింది. రెండు వైపులా చెరపట్టిన మనుషులు ఎర్రసముద్రం రేవుల్లో అమ్ముడుపోయారు. ఆ తర్వాత పుట్టిన చాపూ కూడా అట్లాగే చేతులు మారి మారి మోఖా, బాగ్దాదు మీదుగా అహ్మద్‌నగర్ చేరాడు. కొన్నది అక్కడి పేష్వా, అంటే ప్రధానమంత్రి, చంగేజ్ ఖాన్. అతనూ హబ్షీయే! యజమాని పోయాక అంబర్ స్వతంత్రుడయ్యాడు. 1600లో మొగలులు అహ్మద్‌నగర్ కోటను పట్టుకున్నా, అక్కడి రాజవంశమైన నిజాంషాహీల ఇంకో వారసుణ్ణి గద్దెనెక్కించి 1626లో చనిపోయేదాకా వాళ్లను దక్కనులో కుదురుగా కూర్చోనివ్వలేదు. మొగలు పాదుషా జహంగీరుకు ఎంత కసి అంటే, అంబర్ తలను ఈటెకు గుచ్చి తాను బాణం వేస్తున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. బొమ్మలోనే! బయట అది ఎన్నడూ జరగలేదు. 1610లో అంబర్ కట్టించిన ఖడ్కీ పట్నమే తర్వాత ఔరంగాబాదు అయింది.

చూశావా, ఇథియోపియా రాజులు మన కథలోకి ఎట్లా వచ్చేశారో. ఇక్కడి నుంచి వెనక్కి పో. నాలుగో శతాబ్దంలో క్రైస్తవం పుచ్చుకున్న అక్సుం రాజు ఎజానా, అతని వంశం వేయించిన బంగారు నాణేలు, లాలిబెలాలో కొండను తొలిచి చెక్కిన చర్చిలు. అక్సుం రేవు అదూలిస్‌లో మన దేశపు ఇనుము, నూలు బట్టలు దిగేవని ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిపెట్టాడు. 1324లో హజ్‌కు పోయిన మాలీ చక్రవర్తి మన్సా మూసా, జింబాబ్వే రాతి గోడలు కూడా చేర్చు గానీ, వాటికి చెరొక పేరా చాలు. ఆ గొడవ అంతా ఏ పుస్తకంలోనైనా ఉంటుంది.

వనపర్తికి మాత్రం పేజీ తగ్గించకు. 19వ శతాబ్దంలో ఇక్కడి రాజు మొదటి రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికా సిపాయిల దళం ఉండేది. అది నిజాం కొలువుకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ పక్కన మీ మేనమామ బస్సు దిగే ఏ.సీ. గార్డ్స్ ఆ దళం కాపురమున్న చోటే. ఏసీ మిషన్లకూ దానికీ సంబంధం లేదు. 1948 తర్వాత నిజాం సైన్యంతో పాటు అదీ పోయింది. ఉద్యోగాలు పోయినవాళ్ల పిల్లలు, మనవలు ఆ బస్తీలోనే ఉన్నారు. పెళ్లి ఊరేగింపుల్లో వాయించే మర్ఫాలో అరబ్బులతో పాటు వాళ్ల చెయ్యీ ఉంది. అక్కడికి పోతే ఫోను పైకెత్తి మనుషుల మొహాలు తీయకు. వాళ్లు హైదరాబాదీలు. సలాం చెప్పి, కూర్చోమంటే కూర్చుని, వాళ్ల తాతల ఉద్యోగం గురించి అడుగు. జుట్టు గురించి అడక్కు.

ఆ వనపర్తి రాజు పేరే పెట్టుకున్న మూడో రామేశ్వరరావు విదేశాంగ శాఖలో చేరి, 1950లలో నైరోబీలోనూ, తర్వాత గోల్డ్ కోస్టులో మన దేశపు కమిషనర్‌గానూ పనిచేశారు. 1957లో ఆ గోల్డ్ కోస్టే ఘనా అయింది. ఆయన మన మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. మొదటి రామేశ్వరరావుకూ మూడో రామేశ్వరరావుకూ నడుమ ఆఫ్రికాలో ఏమైందో, ఎవరెవరు ఆ దేశాలను పంచుకున్నారో, 1896లో అద్వా దగ్గర రెండో మెనెలిక్ ఇటలీని ఎట్లా తరిమాడో నీ చివరి అధ్యాయం చెయ్యి. అది రాసి పంపాక మిగతాది మాట్లాడుకుందాం. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
వనపర్తి తాత