సుఖవ్యాధుల గుర్తింపులో కృత్రిమ మేధస్సు

వ్యాధులలో నలుగురితో చెప్పుకొనగలిగినవి కొన్ని, చెప్పుకొనలేక దాచుకొనేవి కొన్ని. సుఖవ్యాధులు రెండవ కోవకు చెందినవి. తెలుగువారు సవాయి అని, ఉర్దూవారు ఆతషక్ అని పిలిచే సిఫిలిస్‌ను 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశము ఫిరంగ రోగమని వర్ణించింది. పేర్లు మారినా దాచుకొనే అలవాటు మారలేదు.

ఈ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని 1905లో జర్మన్ శాస్త్రజ్ఞులు షౌడిన్, హాఫ్‌మన్ కనుగొన్నారు. 1943లో అమెరికాలో పెన్సిలిన్ చికిత్స ఆరంభమైనది. కాబట్టి ఇది నయం కాని జబ్బు కాదు. కష్టమంతా సకాలంలో గుర్తించడంలోనే ఉన్నది. తొలిదశలోని పుండు సాధారణంగా నొప్పి పెట్టదు; మందు లేకనే కొన్ని వారాలలో మానుతుంది. రోగి గండం గడిచిందనుకొంటాడు. కాని క్రిమి శరీరంలోనే నిలిచి, ఏళ్ళ తరువాత గుండెను, మెదడును దెబ్బతీయవచ్చును; గర్భిణి నుండి శిశువుకు సోకవచ్చును.

ఇక కృత్రిమ మేధస్సు సంగతి. వేలకొలది చర్మవ్యాధుల చిత్రాలను పేర్లతో సహా కంప్యూటరుకు చూపితే, అది రంగు, అంచు, ఆకారాలలోని పోలికలను గ్రహించి క్రొత్త చిత్రాన్ని గుర్తించ నేర్చుకొంటుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 1,29,450 చిత్రాలతో తయారుచేసిన పద్ధతి, చర్మ క్యాన్సరును గుర్తించుటలో 21 మంది నిపుణులకు దీటుగా నిలిచింది.

సుఖవ్యాధుల విషయంలో దీనికి మూడు పరిమితులున్నాయి. మొదటిది, పైకి కనిపించని రోగం చిత్రానికి అందదు; వి.డి.ఆర్.ఎల్. వంటి రక్తపరీక్ష తప్పదు. పైగా ప్రభుత్వ సురక్ష క్లినిక్కులలో జననాంగాల పుండుకు తెల్ల కిట్టు, అది హెర్పిస్ పుండైతే ఎర్ర కిట్టు ఇస్తారు. వాటి మందులు వేరు. యంత్రం పొరబడితే, దానిని నమ్మినవారికి మందు తారుమారౌతుంది. రెండవది, ఇట్టి యంత్రాలు నల్లని చర్మంపై తడబడుతున్నాయని 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులే వెల్లడించారు. మన సీమవాసులకు ఇది చిన్న విషయం కాదు. మూడవది గోప్యత, రహస్యాంగాల చిత్రం ఒకసారి చేయి దాటితే తిరిగి రాదు. చిత్రం చూసి సుఖవ్యాధులను పసిగట్టగలమని ప్రచారం చేసిన కల్మారా అనే సేవను, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ పిమ్మట 2024లో ఉపసంహరించారు.

అట్లని ఈ విద్య వ్యర్థమనరాదు. సిగ్గుతో ముడుచుకొన్న యువకునికి "వైద్యుని వద్దకు పొమ్ము" అని యంత్రం చెప్పగలిగితే మేలే. "భయం లేదు, ఇంట ఉండుము" అని చెబితే కీడు. అనుమానించుట వరకే దాని పని; నిర్ధారణ వైద్యునిది.

నందికొట్కూరుకు సుమారు 30 కిలోమీటర్ల దూరాన కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉన్నది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వారి 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చును. రోగం పాపం కాదు. దానిని దాచి మరొకరికి అంటించడమే తప్పు. ఈ మాటను విద్యార్థి సోదరసోదరీమణులు తామెరిగి, తమవారికి ఎరిగించెదరు గాక.