డౌన్‌లోడ్ ఆగిపోతే తప్పు నీది కాదు చెల్లీ

మా జంషెడ్‌పూర్ కద్మాలో చాలా ఇళ్లలో ఓ మూల పాత కంప్యూటర్ ఉంటుంది. పిల్లల చదువు కోసం ఎప్పుడో కొన్నది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మన కుటుంబాల్లో, నడుస్తున్న వస్తువుని పారేయడానికి మనసొప్పదు. మంచిదే. కానీ "ఫోన్‌లో బాగానే తెరుచుకుంటోంది, కంప్యూటర్‌లోనే ఎర్రర్. ఏదైనా తప్పు నొక్కానా అక్కా?" అని నువ్వు బెంగపడుతుంటే బాధేస్తుంది.

నువ్వేమీ చెడగొట్టలేదు. ఏదైనా దింపుకునే ముందు మన కంప్యూటరూ, అవతలి సర్వరూ కలిసి ఒక రహస్య పద్ధతి ఒప్పుకోవాలి. దాని పేరు టీఎల్ఎస్. 1.0 వెర్షన్ 1999లో వచ్చింది, 1.2 2008లో. దొంగలకి దారి దొరికే లోపాలున్నాయని 2021 మార్చిలో 1.0, 1.1 రెండింటినీ వాడొద్దని తేల్చేశారు. మన పాత కంప్యూటర్‌లో ఉండే విండోస్ 7కి 1.2 తెలుసు. అయినా అప్‌డేట్, సెట్టింగ్ రెండూ పడితే గాని కొన్ని ప్రోగ్రాములు దాన్ని వాడవు. అందుకే చిన్న ఇన్‌స్టాలర్ ఫైలు దిగుతుంది గానీ, దాన్ని నొక్కాక మిగతాది తెచ్చుకోలేక ఆగిపోతుంది. సైట్లని నమ్మడానికి వాడే సర్టిఫికెట్లకీ గడువుంటుంది. 2021 సెప్టెంబర్ 30న అలాంటి ఒక పాత సర్టిఫికెట్ గడువు తీరి, ప్రపంచమంతటా పాత యంత్రాలు ఇబ్బంది పడ్డాయి.

ముందు కంప్యూటర్‌లో తేదీ చూడు, అది తప్పుగా ఉంటే సర్టిఫికెట్ల గడువు లెక్క కూడా తప్పుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఏళ్ల వెనక్కి పోతుంటే, లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. అది మార్పించు, చవకే. తర్వాత ఆగి ఉన్న అప్‌డేట్లన్నీ వేయించు. విండోస్ 7కి చివరిగా వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వాడితే, దాని సర్టిఫికెట్లు అదే వెంట తెచ్చుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే, కొత్త కంప్యూటర్‌లో కంపెనీ అసలు సైట్ నుంచే పూర్తి ఇన్‌స్టాలర్ దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో.

కొన్ని మాత్రం చెయ్యకు తల్లీ. విసుగొచ్చి యాంటీవైరస్ ఆపేయడం, హెచ్చరిక దాటేయడం, ఊరూ పేరూ లేని సైట్‌లో అదే ఫైలు వెతకడం వద్దు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు రక్షణ 2020 జనవరి 14తోనే ఆగింది. అందుకే పిల్లల టైపింగ్‌కీ, ఫొటోలకీ ఆ కంప్యూటర్‌ని హాయిగా వాడుకో. బ్యాంకు పని మాత్రం దాని మీద పెట్టకు. కష్టపడి కూడబెట్టుకున్న డబ్బు, పాత యంత్రం మీద ప్రేమతో పోగొట్టుకోకూడదు.